మీ ఫోటోకి తగిన కొలత ఏది?

నేను పదో తరగతి చదివే రోజుల్లో మా బడిలో ఒక ప్రదర్శన పెట్టారు. అరువు తెచ్చిన కెమేరాతో కృష్ణ ఒడ్డున నేనొక ఫోటో తీశాను. ఒక జాలరి పడవ అంచున నిలబడి విసురు వల విసురుతున్నాడు. వల గాలిలో గొడుగులా విచ్చుకుంది. దాన్ని పెద్దది చేయించి గోడకి తగిలించాను. చూసిన వాళ్ళంతా మెచ్చుకున్నారు. సాయంత్రం ఆ జాలరిని కూడా పిలుచుకొచ్చాను. ఆయన చాలాసేపు ఫోటోకేసి చూసి, "బాబూ, అంతా బాగానే వుంది గాని, నా వల అంచు ఏదయ్యా? గుళ్ళు లేని వల వలేనా?" అన్నాడు.

నిజమే! వల ఎడమ అంచు, దానికి వేలాడే గుళ్ళు ఫోటోలో లేవు. నెగటివ్‌లో మాత్రం వున్నాయి. మరి మధ్యలో ఏమయ్యాయి? స్టూడియో వారి తప్పేమీ లేదు. "8×10 సైజు వెయ్యండి" అని అడిగింది నేనే. ఆ మాటతోనే వల అంచు తెగిపోయింది.

ఫోటో తియ్యడం ఒక విద్య అయితే, తీసిన దాన్ని సరైన కొలతలో అచ్చు వేయించి, అట్ట కట్టి, గోడకి తగిలించి నలుగురికీ చూపించడం ఇంకొక విద్య. ఇందులో వున్నదంతా మీరు బడిలో చదువుకునే లెక్కలూ, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రమే. అదేమిటో చూద్దాం.

వల అంచు ఎలా తెగింది?

35 మిల్లీమీటర్ల ఫిలిం మీద ఒక బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మిల్లీమీటర్లు. అంటే వాటి నిష్పత్తి 3:2. దీన్ని ఎన్ని రెట్లు పెద్దది చేసినా ఆ నిష్పత్తి మారదు. 6×4, 9×6, 12×8, 18×12 అంగుళాలు, ఇవన్నీ దానికి సరిగ్గా సరిపోయే కొలతలు.

8×10 కాగితం సంగతి వేరు. దాని నిష్పత్తి 5:4. ఎత్తు 8 అంగుళాలు వచ్చేదాకా బొమ్మను పెద్దది చేస్తే, దాని వెడల్పు 12 అంగుళాలవుతుంది. కాగితం వెడల్పు పదే అంగుళాలు! మిగిలిన రెండు అంగుళాల బొమ్మ కాగితం బయట పడిపోతుంది. రెండంటే పన్నెండులో ఆరోవంతు. నా వల అంచు ఆ ఆరోవంతులోనే వుంది.

సెల్‌ఫోను కెమేరాలతో తీసే ఫోటోల నిష్పత్తి సాధారణంగా 4:3 వుంటుంది. దాన్ని 6×4 కాగితం నిండా అచ్చు వేయిస్తే ఏమవుతుంది? వెడల్పు 6 అంగుళాలైతే ఎత్తు నాలుగున్నర కావాలి. కాగితం నాలుగే. అర అంగుళం, అంటే తొమ్మిదోవంతు, పైనో కిందో తెగుతుంది. గ్రూపు ఫోటోలో వెనక వరసలోని పొడుగు వాళ్ళకి నుదురు లేకుండా పోవడానికి ఒక కారణం ఇదే.

దీనికి మూడు మార్గాలున్నాయి. ఒకటి, బొమ్మ నిష్పత్తికి సరిపోయే కాగితం కొలతే అడగడం. రెండు, కత్తిరించక తప్పకపోతే ఏ భాగం వదలాలో మీరే గుర్తుపెట్టి చెప్పడం. మూడు, కాగితం నిండా కాకుండా బొమ్మ చుట్టూ తెల్ల అంచు వదిలించడం. ఉదాహరణకి 10×8 కాగితం మీద 9×6 బొమ్మ వేయిస్తే పక్కల అర అంగుళం చొప్పున, పైనా కిందా అంగుళం చొప్పున ఖాళీ మిగులుతుంది. బొమ్మలో ఏదీ పోదు.

అసలు ఈ కొలతలు ఎక్కడివి?

వెనుకటి స్టూడియోల్లో "ఫుల్ ప్లేటు", "క్వార్టర్ ప్లేటు" అనేవారు. మీ తాతగారిని అడగండి, ఆ మాటలు ఆయనకి గుర్తుండవచ్చు. ఆ రోజుల్లో ఫిలిముకి బదులు రసాయనం పూసిన గాజు పలక వాడేవారు. ఫుల్ ప్లేటు అంటే ఎనిమిదిన్నర, ఆరున్నర అంగుళాల పలక. అందులో నాలుగోవంతు క్వార్టర్ ప్లేటు.

హైదరాబాదు ఆరో నిజాం కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా వున్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు మీరు వినే వుంటారు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వుండేది. ఆయన కాలంలో ఫోటో కాగితానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, దాని మీద వెండి లవణం ఎక్కించేవారు. ఆ కాగితం చాలా మందకొడిది. దీపం వెలుతురు దానికి చాలదు. అందుచేత గాజు నెగటివును కాగితం మీద అంటిపెట్టి ఎండలో వుంచేవారు. గాజు పలక ఎంతుంటే బొమ్మ అంతే వచ్చేది! పెద్ద ఫోటో కావాలంటే పెద్ద పలక, అది పట్టే పెద్ద కెమేరా మోసుకుపోవలసిందే. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగటివులు రెండువేల ఎనిమిదివందలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా వున్నాయి.

ఇప్పుడు మనకా ఇబ్బంది లేదు. చిన్న బొమ్మను ఎంతైనా పెంచవచ్చు. అందుకే కొత్త ప్రశ్న ఒకటి పుట్టింది: ఎంతదాకా పెంచాలి?

కంటిని అడగండి

ఒక ప్రయోగం చెయ్యండి. తెల్ల కాగితం మీద ఒక మిల్లీమీటరు ఎడంతో రెండు నల్లని చుక్కలు పెట్టండి. కాగితాన్ని గోడకి అంటించి, దాన్నే చూస్తూ వెనక్కి నడవండి. కొంతదూరం పోయాక రెండు చుక్కలూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. అక్కడ ఆగి దూరం కొలవండి. మంచి చూపున్న వారికి అది సుమారు మూడున్నర మీటర్లు వుంటుంది.

అంటే, చూసే దూరంలో సుమారు మూడువేల నాలుగువందలో వంతు కంటె తక్కువ ఎడం వుంటే మన కన్ను రెండింటిని విడదీయలేదు. ఈ లెక్కన పుస్తకం చదివే దూరంలో, అంటే 25 సెంటీమీటర్లలో, ఆ హద్దు సుమారు 0.07 మిల్లీమీటరు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా! భాగిస్తే అంగుళానికి 350 చుక్కలు వస్తాయి. అచ్చు వేసేవారు అంగుళానికి 300 చుక్కలు చాలునంటారు. ఎందుకో తెలిసింది కదూ?

మీ ఫోను ఫోటోలో వెడల్పున 4000, ఎత్తున 3000 చుక్కలున్నాయనుకోండి. 300తో భాగిస్తే 13 అంగుళాల పైచిలుకు వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తాయి. ఇంతవరకు పుస్తకం చదివే దూరంలో చూసినా చుక్కలు కనపడవు. మరి అంతకంటె పెద్దది వేయకూడదా? వేయవచ్చు. మీటరు దూరం నుంచి చూసేటట్లయితే కంటికి 0.29 మిల్లీమీటరు హద్దు. అంగుళానికి వంద చుక్కలు చాలు. అదే ఫోటోను 40×30 అంగుళాలు చేసినా కన్ను తప్పు పట్టలేదు. సినిమా వాల్‌పోస్టరును దగ్గరికి వెళ్ళి చూడండి. చుక్కలు చుక్కలుగా వుంటుంది. రోడ్డు అవతల నుంచి నున్నగా కనిపిస్తుంది.

కాబట్టి కొలత నిర్ణయించే ముందు, చూసేవాడు ఎంత దూరంలో నిలబడతాడో తెలుసుకోవాలి. ఒక బొమ్మను హాయిగా ఒక్క చూపులో చూడాలంటే దాని కర్ణానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరంలో నిలబడాలని ఒక లెక్క. 18×12 బొమ్మ కర్ణం ఎంత? పైథాగరస్ సూత్రం వేసి చూడండి. సుమారు ఇరవై ఒకటిన్నర అంగుళాలు. అంటే మనిషి 32 నుంచి 43 అంగుళాల దూరంలో నిలబడాలి. అయిదడుగుల వెడల్పున్న బడి వరండాకి ఇది సరిపోతుంది. అక్కడే 30×20 బొమ్మ పెడితే నాలుగున్నర అడుగులైనా వెనక్కి వెళ్ళాలి. వీపు అవతలి గోడకి ఆనుతుంది!

ఇంకొక సంగతి. 12×8 బొమ్మను 24×16 చేస్తే కొలతలు రెండింతలైనాయి. వైశాల్యం మాత్రం నాలుగింతలు. కాగితం, అట్ట, గాజు అన్నీ నాలుగింతలు కావాలి. రెండు మిల్లీమీటర్ల మందం గాజు 12×8 కొలతలో సుమారు 310 గ్రాములు తూగుతుంది. 24×16 కొలతలో సుమారు కిలోంపావు. దాన్ని మోసే మేకు కూడా గట్టిది కావాలి. "పెద్దదే గొప్పది" అనుకునే ముందు ఈ లెక్క వేసుకోండి.

కిటికీ అట్ట

జాలరికి వల అంచు లేని ఫోటో ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. 12×8 సైజులో మళ్ళీ వేయించాను. ఈసారి గుళ్ళతో సహా వల అంతా వచ్చింది. ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఆయన ఇంట్లో వున్న ఒకే ఒక్క ఫోటో అది. వానాకాలం గడిచాక వెళ్ళి చూస్తే, బొమ్మ అక్కడక్కడ గాజుకి అతుక్కుపోయి మచ్చలు పడింది.

నేను చేసిన పొరపాటేమిటి? ఫోటోను నేరుగా గాజుకి ఆనించాను. ఫోటో కాగితం మీద వుండే పొర జెలటిన్ అనే పదార్థం. అది జంతువుల ఎముకల నుంచీ, తోళ్ళ నుంచీ తీస్తారు. తేమ తగిలితే అది ఉబ్బి జిగురవుతుంది. గాజు చల్లబడినప్పుడు దాని లోపలి వైపు గాలిలోని తేమ చేరుతుంది. చల్లని నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమర్చడం మీరు చూడలేదూ? ఆ తేమకి జెలటిన్ మెత్తబడి గాజును పట్టుకుంటుంది. ఆరిన తర్వాత వదలదు. అలా అతుక్కున్న ఫోటోను లాగి పీకకండి. బొమ్మ గాజుతోనే వచ్చేస్తుంది. ముందు గాజు మీదుగానే ఒక ఫోటో తీసి దాచుకోండి.

అతుక్కోకుండా వుండాలంటే బొమ్మకీ గాజుకీ మధ్య ఎడం కావాలి. అందుకే దళసరి అట్టలో కిటికీలాగా కోసి, ఆ కిటికీ వెనక బొమ్మను వుంచుతారు. దీన్నే మౌంటు అంటారు. అట్ట మందమే గాజుకీ బొమ్మకీ మధ్య గాలి చోటు అవుతుంది.

12×8 బొమ్మకి 16×12 అట్ట తీసుకోండి. కిటికీ కొలత బొమ్మ కంటె కాస్త తక్కువ వుండాలి. లేకపోతే బొమ్మ అందులోంచి జారి పడుతుంది. కాబట్టి పదకొండు ముప్పావు వెడల్పు, ఏడు ముప్పావు ఎత్తు కొయ్యండి. అడ్డంగా మిగిలింది నాలుగుంపావు. దాన్ని రెండు పక్కలకీ సమానంగా పంచండి. నిలువునా మిగిలింది కూడా నాలుగుంపావే. దీన్ని మాత్రం సమానంగా పంచకండి. పైన రెండు అంగుళాలు, కింద రెండుంపావు వదలండి.

కింద ఎందుకు ఎక్కువ? అచ్చులో వున్న 8 అంకెను చూడండి. రెండు సున్నాలూ సమానంగా వున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పుస్తకాన్ని తలకిందులు చెయ్యండి. పై సున్నా పెద్దదిగా, అంకె తూలిపడేటట్టుగా కనిపిస్తుంది! మన కన్ను నడిమిని అసలు చోటు కంటె కాస్త పైన వూహించుకుంటుంది. అందుకే అచ్చులు పోసేవారు 8లో కింది భాగం పెద్దది చేస్తారు. అట్ట కోసేవారు కింది అంచు పెద్దది చేస్తారు. సరిసమానంగా పెడితే బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది.

బొమ్మను అట్టకి అంటించడానికి సెల్లోటేపు గాని, రబ్బరు జిగురు గాని వాడకండి. కొన్నేళ్ళకి అవి పసుపుపచ్చని మరకలు వేస్తాయి. తేలిక పద్ధతి ఒకటుంది. మంచి తెల్ల కాగితంతో చిన్న త్రికోణపు జేబులు నాలుగు మడవండి. బొమ్మ నాలుగు మూలలూ వాటిలో దూర్చి, జేబులను మాత్రమే వెనక అట్టకి అంటించండి. బొమ్మకి జిగురే తగలదు.

ఎండా, అట్టా చేసే హాని

పాత వార్తాపత్రిక మీద కాదు, ఈనాటి పత్రిక మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి మూడు రోజులు ఎండలో వుంచండి. బిళ్ళ తీసి చూస్తే దాని కింద కాగితం తెల్లగా, చుట్టూ పసుపుగా వుంటుంది. కలప గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం వుంది. అది వెలుతురుకీ, గాలికీ మారిపోయి రంగు తేలుతుంది. ఆమ్లాలు కూడా పుడతాయి. చవక అట్టలో ఇదంతా వుంటుంది. ఆ ఆమ్లం పక్కనున్న ఫోటోలోకి పాకుతుంది. చిరకాలం వుండవలసిన ఫోటోకి ఆమ్లం లేని అట్టను అడిగి తెచ్చుకోండి.

ఎండ ఫోటో రంగులను కూడా తినేస్తుంది. వెలుతురును లక్స్ అనే కొలతలో చెబుతారు. త్వరగా వెలిసిపోయే వస్తువుల దగ్గర మ్యూజియంలలో సుమారు 50 లక్స్‌ల వెలుతురు మాత్రమే వుంచుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్‌లు. లక్షను 50తో భాగిస్తే రెండువేలు. అంటే ఒక గంట ఎండలో బొమ్మ మీద పడే వెలుతురు, మ్యూజియంలో రెండువేల గంటలలో పడేదానితో సమానం. మ్యూజియం రోజుకి ఎనిమిది గంటలు తెరిచి వుంటుందనుకుంటే, అది 250 రోజులు! మీ ఫోటోను ఎండపడే గోడకి తగిలించకండి.

ఎంత ఎత్తున తగిలించాలి?

బొమ్మ నడిమి భాగం చూసేవారి కంటికి ఎదురుగా రావాలి. పెద్దవారి కోసమైతే నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తు వుంచుతారు. మీ ప్రదర్శనకి వచ్చేది ఎక్కువగా పిల్లలే కదా! మీ తరగతిలో పదిమంది కళ్ళ ఎత్తు కొలిచి సగటు కట్టండి. 135 వచ్చిందనుకుందాం. ఫ్రేము ఎత్తు 30 సెంటీమీటర్లు. అందులో సగం 15. ఫ్రేము వెనక తీగను పైకి లాగితే అది పై అంచుకి 5 సెంటీమీటర్లు దిగువన నిలిచిందనుకోండి. అప్పుడు మేకు కొట్టవలసిన ఎత్తు 135 + 15 − 5 = 145 సెంటీమీటర్లు. బొమ్మలన్నిటికీ ఇలా లెక్కవేస్తే, చిన్నవీ పెద్దవీ కలిసి వున్నా వరస కుదురుతుంది.

గాజులో ఎదుటి కిటికీ మెరుస్తూ బొమ్మ కనపడకపోతే? పతన కోణం పరావర్తన కోణానికి సమానమని చదువుకున్నారు కదా. ఫ్రేము పై అంచు ముందుకు వంగేలా వెనక చిన్న చెక్క ముక్క పెట్టండి. కిటికీ వెలుతురు గాజు మీద పడి నేల మీదికి మళ్ళుతుంది. మీ కంటికి రాదు.

అమ్మదలుచుకుంటే

ప్రదర్శనలో ఫోటోలు అమ్మి బడి గ్రంథాలయానికి పుస్తకాలు కొందామనుకున్నారు. ధర ఎలా కట్టాలి? లెక్క కోసం ఇలా అనుకుందాం: అచ్చుకి 60 రూపాయలు, అట్టకి 50, ఫ్రేముకి 190. మొత్తం 300. పుస్తకాల కోసం ఒక్కొక్క బొమ్మ మీద 180 మిగలాలి. కలిపి 480. హాలు ఇచ్చినవారు అమ్మిన ధరలో నాలుగోవంతు తీసుకుంటారు. చాలామంది 480కి దానిలో నాలుగోవంతు 120 కలిపి 600 అని చీటీ రాస్తారు. అప్పుడు హాలువారికి పోయేది 600లో నాలుగోవంతు, 150. మీకు మిగిలేది 450. ముప్పై రూపాయలు నష్టం! సరైన లెక్క ఇది: ధరలో మూడు వంతులు 480 కావాలి. కాబట్టి ధర 640 రూపాయలు.

బొమ్మ కింద పెన్సిలుతో "3/20" అని రాసి వుండడం చూస్తే, దాని అర్థం ఈ బొమ్మకి వేసిన ఇరవై ప్రతులలో ఇది మూడోది అని. అలా రాశాక ఇరవై ఒకటో ప్రతి వేసి అమ్మకూడదు. అది కొన్నవారికి ఇచ్చిన మాట. ఏ నంబరు ఎవరికి ఇచ్చారో పుస్తకంలో రాసుకోండి. చీటీ మీద బొమ్మ పేరు, తీసిన చోటు, సంవత్సరం, తీసినవారి పేరు, కొలత, ధర వుండాలి.

అన్నిటికంటె ముఖ్యం ఒకటుంది. ఫోటోలో మనిషి వుంటే, గోడకి ఎక్కించే ముందు, అమ్మే ముందు ఆ మనిషిని అడగండి. ఆయన వద్దంటే మానెయ్యండి. సరేనంటే మొదటి ప్రతి ఆయనకే ఇవ్వండి.

నా దగ్గర నెగటివు జాగ్రత్తగా వుండబట్టి జాలరికి మూడోసారి బొమ్మ వేయించగలిగాను. ఈసారి కిటికీ అట్ట నేనే కోశాను. ఎండ పడని గోడ చూసి, ఆయన కంటి ఎత్తున నేనే మేకు కొట్టాను. ఆయన దగ్గరికొచ్చి వల అంచున వున్న గుళ్ళను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. తర్వాత ఎన్నో వానాకాలాలు గడిచినా ఆ బొమ్మ గాజుకి అంటుకోలేదు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో వున్న ఫోటోలను కొలిచి, వాటి నిష్పత్తులు రాయండి. ఏవి 3:2? ఏవి 5:4?

2. బూడిదరంగు కాగితంలోంచి రెండు సమానమైన ముక్కలు కత్తిరించండి. ఒకటి నల్ల అట్ట మీద, ఒకటి తెల్ల అట్ట మీద పెట్టండి. రెండూ ఒకే రంగుగా కనిపిస్తున్నాయా? నల్లని నీడలు ఎక్కువగా వున్న ఫోటోకి మీరు ఏ రంగు అట్ట ఎంచుకుంటారు? ఎందుకు?

3. 9×6 అంగుళాల బొమ్మకి 13×10 అట్టలో కిటికీ కొలతలు, నాలుగు అంచుల కొలతలు లెక్కకట్టండి. కింది అంచు పై అంచు కంటె పావు అంగుళం ఎక్కువ వుండాలి.